ఇడ్లీకి హాట్‌వర్క్ పర్మిట్

మా ఫ్యాక్టరీ పేరు చెప్పను. పోనీ ఏం తయారుచేస్తుందో చెబుదామంటే ఇప్పుడేమీ తయారుచేయడం లేదు. ఒకప్పుడు చేసేది. తర్వాత ముడిసరుకు ఆగింది, బొగ్గు ఆగింది, చివరికి మిషన్లూ ఆగాయి. ఆగనిది ఒక్కటే, మా సేఫ్టీ డిపార్టుమెంటు.

మిషను తిరగని చోట వేలు నలగదు కదా. అందుకని ప్రమాదాలు జరగని సంస్థగా మాకు ఏటా ఒక షీల్డు వస్తుంది. మెయిన్ గేటు పక్కన ‘ప్రమాదం లేకుండా గడిచిన రోజులు’ అని పెద్ద బోర్డుంది. రోజూ దాని మీద అంకె మార్చడం అసిస్టెంట్ సేఫ్టీ ఆఫీసరు పని. ఆ ఆఫీసరుని నేనే. పేరు సన్యాసిరావు. ఒకసారి అంకె మార్చబోయి నిచ్చెన మీంచి జారిపడ్డాను. మోకాలి చిప్ప వాచిపోయింది. దాన్ని ప్రమాదమని రాస్తే బోర్డు మళ్ళీ సున్నా నుంచి మొదలెట్టాలి. అందుకని ‘నిచ్చెన దిగు విధానంలో స్వల్ప మార్పు’ అని రాసుకున్నాం. రాసింది కూడా నేనే. కుంటుకుంటూ వెళ్ళి సంతకం పెట్టాను.

ఇలాంటివాడికి, పెళ్ళయిన చాలా ఏళ్ళకి, ఇక పిల్లలు లేరులే అనుకుంటున్న రోజుల్లో, భార్య హైమకి నెల తప్పిందంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. సంతోషం ఒక పూట ఉంది. సాయంత్రానికి భయం పట్టుకుంది. ఫోను తీసి చదవడం మొదలెట్టాను. బొప్పాయి వద్దన్నారు. అనాస వద్దన్నారు. నువ్వులు వేడన్నారు, పెరుగు చలవన్నారు. ఒకాయనైతే మంచినీళ్ళు కూడా ఆలోచించి తాగమన్నాడు. ఏమాలోచించాలో మాత్రం చెప్పలేదు. నేను ఆలోచిస్తూ కూర్చున్నాను, హైమ నీళ్ళు తాగేసింది.

మర్నాడు స్టోర్సు నుంచి పసుపూ నలుపూ చారల టేపు తెచ్చి ఇంట్లో ప్రతి గడపకీ అంటించాను. బాత్రూం ముందు ‘నేల తడిగా ఉండును’ అని బోర్డు పెట్టాను. పెరట్లో కొబ్బరిచెట్టు ఉంది కాబట్టి బట్టలు ఆరేయడానికి వెళ్ళేటప్పుడు పెట్టుకోమని హెల్మెట్ ఇచ్చాను.

హైమ హెల్మెట్‌నీ నన్నూ మార్చి మార్చి చూసింది. “ఏటండీ ఇది? ఇల్లా, గొడౌనా?” అంది. హెల్మెట్ తీసుకెళ్ళి అందులో కొత్తిమీర నాటింది.

ఇదింతటితో పోయేదే. కానీ హైమకి అయిదో నెల వచ్చేసరికి హెడ్డాఫీసు నుంచి కబురొచ్చింది. మిషన్లు ఆగిన ఫ్యాక్టరీలో సేఫ్టీ డిపార్టుమెంటు ఏం చేస్తోందో తెలియజేయవలసిందని. మా చీఫ్ మేనేజరు భుజంగరావు గారు అత్యవసర సమావేశం పెట్టారు. ఆయన మామూలుగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. టీ అడిగినా సర్క్యులరు చదివినట్టే ఉంటుంది.

“మిషన్లు ఆగినంత మాత్రాన ప్రమాదము ఆగదు. ప్రమాదము స్థలము మార్చుకొనును. అది ప్రస్తుతము ఎచ్చట నున్నదో కనుగొనుట మన కర్తవ్యము” అన్నారు.

అందరూ బల్ల కింద వెతుకుతున్నట్టు తలలు దించుకున్నారు. నేను మెల్లగా లేచి, హైమని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, ఒక పూట సెలవు కావాలన్నాను. ఎందుకన్నారు. చెప్పాను. నా భయాలన్నీ కూడా చెప్పాను. బొప్పాయి దగ్గర మొదలెట్టి కొబ్బరికాయ దాకా వచ్చేసరికి భుజంగరావు గారి కళ్ళు వెలిగిపోయాయి.

“కాలనీ సంస్థ ఆస్తి. కాలనీలో నివసించు గర్భవతి సంస్థ బాధ్యత. మొత్తము ఎందరు గర్భవతులు?”

ఎందరేమిటి, ఒక్కతే. మా దగ్గర కొత్త ఉద్యోగాలిచ్చి చాలా కాలమైంది. ఉన్నవాళ్ళలో చిన్నవాడిని నేనే. తక్కినవాళ్ళంతా మనవలతో ఆడుకుంటున్నారు.

“ఒక్కరే యగుట మన అదృష్టము. పూర్తి దృష్టి పెట్టవచ్చును” అన్నారాయన.

మీరు నమ్మరు గానీ, నాకు గర్వంగా ఉంది ఆ రోజు. నా బిడ్డ ఇంకా పుట్టకుండానే ఒక డిపార్టుమెంటు మొత్తం వాడి వెనకాల నిలబడింది! నియమావళి రాసే పని నాకే అప్పగించారు. తిండీ నిద్రా మానుకుని రాశాను. అప్పట్లో మానుకున్న తిండికి తర్వాత ఎలా లెక్క సరిచేశానో చెబుతాను.

ఫ్యాక్టరీలో ఏ పనికైనా పర్మిట్ ఉండాలి. పర్మిట్ మీద ముగ్గురి సంతకాలు పడేదాకా ఎవడూ స్పానర్ ముట్టకూడదు. షిఫ్టు మారితే పాత పర్మిట్ చెల్లదు. నిప్పుతో చేసే పనైతే హాట్‌వర్క్ పర్మిట్ అని వేరే ఉంటుంది. మనిషిని ట్యాంకులోకి దింపాలంటే ముందు లోపల గాలి మంచిదో కాదో పరీక్షించాలి. ఇవన్నీ మంచి నియమాలే, ఎందరి ప్రాణాలో కాపాడినవి. నేను చేసిందల్లా ‘పని’ అన్న చోటల్లా ‘తినుట’ అని మార్చడం. తిండి హైమ లోపలికి వెళ్ళే ముందు అది మంచిదో కాదో ఒకరు పరీక్షించాలి. అంటే ముందుగా ఒకరు తినాలి. తిని, ఒక షిఫ్టు పాటు పరిశీలనలో ఉండాలి. వాడికేమీ కాకపోతే అప్పుడామె తినొచ్చు. ఆ ఒకరు ఎవరన్న దగ్గర చర్చే రాలేదు. అందరూ నా వైపు చూశారు.

మొదటి రోజు ఇడ్లీ. హైమ పొద్దున్నే, పర్మిట్లు మొదలవకముందే, వేడివేడిగా దించి, కొబ్బరి పచ్చడి చేసి కూర్చుంది. మా పర్మిట్ క్లర్కు దాలినాయుడు వచ్చి ‘పదార్థము: ఇడ్లీ. స్వభావము: మెత్తన’ అని రాసుకుని సంతకాలకి బయల్దేరాడు. నేను పరీక్షకి కూర్చున్నాను. నమూనా రెండు అన్నారు. నేను ఆరు తిన్నాను. నమూనా ఎంత పెద్దదైతే ఫలితం అంత నమ్మకంగా ఉంటుంది.

“ఏమండీ, ఆకలేస్తంది” అంది హైమ.

“కొంచెం ఓపిక పట్టు. నాకింకా ఏమీ కాలేదు గానీ అవుతుందేమో చూడాలి కదా” అన్నాను, తేన్చుతూ.

పరిశీలన ముగిసి సంతకాలు వచ్చేసరికి ఇడ్లీలు చల్లారి రాళ్ళయిపోయాయి. చల్లారిన ఆహారం గర్భవతికి ప్రమాదమని మూడో నిబంధన. నేనే రాశాను. మళ్ళీ వేడి చేయాలంటే నిప్పుతో పని, హాట్‌వర్క్ పర్మిట్ కావాలి. దానికోసం దాలినాయుడు మళ్ళీ వెళ్ళి, ఈసారి ఫైర్ సెక్షన్ మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన మా వంటింట్లో ఇసుక బకెట్ దించి, మంటలార్పే ఎర్ర సిలిండరు చంకలో పెట్టుకుని స్టవ్ పక్కన నిలబడ్డాడు. హైమ అగ్గిపుల్ల గీయబోతుంటే షిఫ్టు సైరన్ మోగింది. పర్మిట్ చెల్లకుండా పోయింది. ఆ ఫైరాయన చాలా మర్యాదస్తుడు. “ఏటనుకోకమ్మా, రేపు పొద్దున్నే వత్తాం” అని చెప్పి, వెళ్తూ వెళ్తూ చల్లారిన ఇడ్లీలు రెండు పట్టుకెళ్ళాడు.

ఆ పూట హైమ బిస్కట్లు తిని పడుకుంది. బిస్కట్లకి పర్మిట్ అక్కర్లేదు, ప్యాకెట్టు మీద ముద్ర ఉంటుంది కదా.

అలా మొదలైంది. పప్పు నేను తిన్నాను, ఆమె బిస్కట్లు తింది. పాలు నేను తాగాను, ఆమె మంచినీళ్ళు తాగింది. అదీ మరిగించిన నీళ్ళకి హాట్‌వర్క్ దొరికిన రోజున. దానిమ్మకాయ వచ్చిన రోజున గింజ గింజకీ పరీక్ష చేయాల్సి వచ్చింది. మొత్తం నేనొక్కణ్ణే పూర్తిచేశాను. దవడలు నొప్పెట్టాయి. బిడ్డ కోసం ఆ మాత్రం కష్టపడకపోతే తండ్రినెలా అవుతాననుకున్నాను. నా ప్యాంట్లు పట్టడం మానేశాయి. పొద్దున లేవగానే నాకే కడుపులో తిప్పేది.

ఇంతలో హైమకి నోరూరింది. వంకాయ వేసి ఎండు నెత్తళ్ళ కూర తినాలని. ఇంకేమీ అడగలేదు పాపం. “ఒక్క ముద్దండీ, ఒకే ఒక్క ముద్ద” అంది. నాకు జాలేసింది. ఎండుచేప మామూలు వస్తువు కాదు, నా ఒక్కడి స్థాయిలో తేలదు. పర్మిట్ల మీద సంతకాలు పెట్టే మా పెద్దలంతా కలిస్తే కమిటీ, దానికి నివేదించాను. ఫైరాయన పక్కన నిలబడగా హైమే వండింది. మూత పెట్టిన గిన్నె పట్టుకుని నేను నడుస్తుంటే ఆ వాసనకి కాలనీలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

సమావేశ మందిరంలో కమిటీ కూర్చుంది. భుజంగరావు గారు ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు.

“ఉప్పు విషయమై నాకు సందేహము కలదు. మరియొక నమూనా” అన్నారు.

సందేహం అందరికీ అంటుకుంది. ఒకాయనకి ముల్లు మీద సందేహం, ఇంకొకాయనకి పులుపు మీద. అన్నం ఉంటే గానీ సరైన అంచనాకి రాలేమని దాలినాయుడు అన్నాడు. క్యాంటీన్ నుంచి అన్నం తెప్పించారు. చివరికి గిన్నె అంచుకి అంటుకున్నది వేలితో తుడిచి నాకుతూ భుజంగరావు గారు తీర్మానం చెప్పారు.

“ఈ పదార్థము గర్భవతికి సర్వవిధముల క్షేమకరము. అయితే సరఫరాకు ప్రస్తుతము నిల్వ లేదు.”

ఖాళీ గిన్నె పట్టుకుని ఇంటికొచ్చాను. హైమ గుమ్మంలోనే నిలబడి ఉంది. పళ్ళెంలో అన్నం పెట్టుకుని సిద్ధంగా ఉంది. “పాసైంది” అన్నాను ఉత్సాహంగా. ఆమె గిన్నెలోకి చూసింది. పళ్ళెంలో అన్నం మళ్ళీ కుండలో వేసేసి వెళ్ళి అటు తిరిగి పడుకుంది.

ఏడో నెల రాగానే ఆస్పత్రికి వెళ్ళాం. ఊళ్ళో ఉన్న పెద్ద డాక్టరమ్మ, ఏ సంగతీ తేలికగా వదిలే మనిషి కాదు. హైమ బరువు చూసింది. పాత కాగితం తీసి చూసింది. మళ్ళీ బరువు చూసింది. పొట్ట కొలిచింది. ఆమె మొహం మారిపోయింది.

“ఈ అమ్మాయి ఏం తింటోంది?”

“అన్నీ పరీక్షించినవేనండి” అని నేను గర్వంగా చెప్పబోయాను.

“నన్ను అడగండి డాక్టరుగారూ. బిస్కట్లు” అంది హైమ.

డాక్టరమ్మ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. “మీరెక్కండి ఆ మిషను” అంది. ఎక్కాను. ఆమె ముల్లు చూసి, వంగి మళ్ళీ చూసింది. “ఈ ఇంట్లో కడుపుతో ఉన్నది ఎవరండీ?” అంది.

వరసలో కూర్చున్న ఆడవాళ్ళంతా పక్కున నవ్వారు. నేనూ నవ్వబోయాను. కానీ డాక్టరమ్మ నవ్వడం లేదు.

“వినండి. బిడ్డ ఎదగాల్సినంత ఎదగడం లేదు. తల్లికి తిండి లేదు మరి. కాచిన నీళ్ళు, బాగా ఉడికిన కూర, కడిగిన పండు, వేళకి అన్నం. అనుమానం ఉంటే నన్నడగండి. ఈమె ఆకలితో ఉండటం కంటే పెద్ద ప్రమాదం మీ ఇంట్లో ఏదీ లేదు. ఇలాగే ఇంకొన్నాళ్ళు సాగిందా, తర్వాత నేనేం చేయలేను.”

ఇన్నాళ్ళూ ఇంట్లో ఉన్న ప్రతి వస్తువు మీదా అనుమానపడి టేపు అంటించినవాణ్ణి. అంటించాల్సింది నా మొహానికి. దారి పొడుగునా హైమ మొహంలోకి చూడలేకపోయాను.

ఆ సాయంత్రమే భుజంగరావు గారి గదికి వెళ్ళి, సార్, పథకం ఆపేయండి అన్నాను.

ఆయన షీల్డు తుడుచుకుంటున్నారు. “ఆపుట కుదరదు. ఈ పథకమును జాతీయ పురస్కారమునకు పంపితిమి. తనిఖీ బృందము రానున్నది. అదియును గాక, మీ విషయములో ఒక తీవ్రమైన చిక్కు బయటపడినది. మీ భార్య తుదకు ఏమి చేయబోవుచున్నది?”

“ప్రసవిస్తుందండి.”

“ఎచ్చట?”

“ఆస్పత్రిలో.”

“అదే చిక్కు. కాలనీవాసిని ఆస్పత్రిలో చేర్చవలసి వచ్చిన ఏ సంఘటనయైనను, నియమావళి ప్రకారము, ప్రమాదము. నిర్వచనము మీరే వ్రాసితిరి. ఆ దినమున మన బోర్డు సున్నాకు వచ్చును.” ఆయన షీల్డుని గుండెకి హత్తుకున్నారు. “దానిని తనిఖీ ముగియు వరకు వాయిదా వేయుట సాధ్యమా?”

“సార్, అది నా చేతుల్లో లేదండి.”

“మొదలుపెట్టునప్పుడైనను మమ్ములను సంప్రదించి యుండవలసినది.”

గోడకి తల బాదుకోవాలనిపించింది. అంతలో నాకు ఉద్యోగంలో చేరాక మొట్టమొదటి తెలివైన ఆలోచన వచ్చింది. మా అత్తగారు సూరమ్మ గారిది బొబ్బిలి దగ్గర పల్లె. ఏడో నెలలో చలిమిడి తెచ్చి కూతుర్ని పురిటికి తీసుకెళ్ళడం వాళ్ళ ఆనవాయితీ. ఆవిడ ఈ వారంలోనే వస్తానని కబురు పెట్టారు.

“సార్, ప్రసవం కాంపౌండు బయట జరిగితే?”

భుజంగరావు గారు షీల్డు బల్ల మీద పెట్టేశారు. “బయటి ప్రమాదము మనది కాదు!” అని లేచి నా చెయ్యి పట్టుకుని ఊపేశారు.

కానీ ఒక పూట ఆస్పత్రికైతే సెలవు చీటీ చాలు, అంతకు మించి మా గేటు దాటి ఏది బయటికి వెళ్ళాలన్నా గేట్‌పాస్ కావాలి. గేట్‌పాస్‌లో రెండే రకాలు. తిరిగి వచ్చే సరుకు, తిరిగి రాని సరుకు. హైమని ఏ రకంలో వేయాలని ఒక పూటంతా చర్చ జరిగింది. తిరిగి వచ్చే రకమేనని నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. సరే అన్నారు. ‘సంఖ్య: ఒకటి. తిరిగి వచ్చునపుడు సంఖ్యలో తేడా ఉండరాదు’ అని రాశారు. వచ్చేటప్పుడు ఇద్దరుంటారు కదండీ అన్నాను. అధికంగా వచ్చిన సరుకు సంగతి స్టోర్సు వారు చూసుకుంటారన్నారు.

సూరమ్మ గారు వచ్చిన రోజున ఆటో గేటు బయటే ఆపేశారు. లోపలికి వచ్చే ఆటోకి వేరే పాస్. ఆవిడ చలిమిడి గిన్నె మీద తెల్ల గుడ్డ కప్పి పట్టుకుని, సెక్యూరిటీ గది పక్క చిన్న తలుపులోంచి లోపలికి వచ్చారు. నేను హైమ సంచీ పట్టుకుని ఆమె పక్కన నడుస్తున్నాను. గేటు దగ్గరికి వచ్చేసరికి కమిటీ మొత్తం వరసగా నిలబడి ఉంది. వీడ్కోలుకేమో అనుకున్నాను.

భుజంగరావు గారు గిన్నె వైపు వేలు చూపించారు. “అమ్మా, ఆ పదార్థమేమి?”

“సలిమిడి బాబూ. పిల్లకి కడుపు సలవ.”

“అందలి ముడిసరుకులు?”

“ఏటి?”

“ఏమేం వేశారని అడుగుతున్నారు అత్తయ్యా” అన్నాను నేను.

“బియ్యప్పిండి, బెల్లం, కాసింత నెయ్యి. బెల్లం పాకం పట్టి అందులో పిండేసి ఉడికించాను. ఎందుకు బాబూ, ఆయనకి వంట రాదా?”

“కాంపౌండు లోపలికి పరీక్షించని పదార్థము వచ్చినది. ముందుగా మా అధికారి తినవలెను. ఒక షిఫ్టు పరిశీలన. అటుపైన కమిటీ నమూనాలు. మిగిలినది గర్భవతికి ఇవ్వవచ్చును” అని చెప్పి ఆయన నా వైపు తిరిగారు. “సన్యాసిరావు గారూ, నమూనా.”

చెప్పడానికి సిగ్గేస్తోంది. నా చెయ్యి దానంతటదే గిన్నె వైపు చాచుకుంది. నెయ్యి వాసనకి నోట్లో నీళ్ళు కూడా ఊరాయి.

సూరమ్మ గారు గిన్నె వెనక్కి లాక్కున్నారు. నన్ను చూశారు, నా పొట్ట చూశారు. చీపురుపుల్లలా ఉన్న కూతురి చేతులు చూశారు. కమిటీ వాళ్ళ పొట్టలు ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళారు. ఆవిడకి అంతా తెలిసిపోయింది.

“అయితే ఏటి బాబూ, ముందు మొగోళ్ళు తినాల. తిన్నాక మిగిల్తే ఆడది తినాల. అంతేనా?” అన్నారు. “మా అత్త ఇంట్లోనూ ఇదే రూలు. ఆవిడకి సదువు రాదు, నోటితోనే సెప్పేసీది. దీనికి మీరింతమంది సదువుకున్నోళ్ళు కూకుని, కాయితాలు రాసుకుని, సంతకాలెట్టుకున్నారా!”

దాలినాయుడు పర్మిట్ పుస్తకం వెనక్కి దాచుకున్నాడు. నాకు మా ఇంట్లో జరిగినదంతా ఒక్కసారిగా కళ్ళముందు తిరిగింది. మా అమ్మ కూడా అందరూ తిన్నాక గిన్నెలు గీక్కుని తినేది. అప్పుడు దానికి నిబంధనల సంఖ్య లేదు, అంతే తేడా.

హైమ తల్లి చేతిలోంచి గిన్నె తీసుకుంది. గేట్‌పాస్ సెక్యూరిటీ వాడి చేతిలో పెట్టింది. గేటు దాటింది. గేటుకి అవతల నేల మీద పచ్చగీత ఉంటుంది, సంస్థ హద్దు అక్కడితో సరి. ఆ గీత కూడా దాటి, ఆటోలో కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చుని, గుడ్డ తీసి పక్కన పెట్టింది. తినడం మొదలెట్టింది.

అలా తినడం నేనెప్పుడూ చూడలేదు. ఎవరి వైపూ తల తిప్పలేదు. ముద్ద మీద ముద్ద పెట్టుకుంటూ, మధ్యలో ఒకసారి కళ్ళు తుడుచుకుంటూ తింది. సూరమ్మ గారు పక్కన నిలబడి వీపు నిమురుతున్నారు. ఇవతల కమిటీ గుటకలు మింగుతోంది.

నాకు గేట్‌పాసూ లేదు, సెలవు చీటీ లేదు. “సన్యాసిరావు గారూ, అనుమతి లేకుండా హద్దు దాటుట...” అని భుజంగరావు గారు అంటూనే ఉన్నారు, నేను దాటేశాను. వెళ్ళి ఆటో పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

“హైమా, నాది తప్పే” అన్నాను.

ఆమె అప్పటికి చాలావరకు పూర్తిచేసింది. గిన్నె అడుగున కొంచెం మిగిలింది. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని కాసేపు కదలకుండా కూర్చుంది.

“ఏమైంది? నొప్పా?” అన్నాను.

“మాట్లాడకండి. పరిశీలనలో ఉన్నాను” అంది.

తర్వాత కళ్ళు తెరిచింది. “లోపల తన్నింది” అని నవ్వింది. గిన్నె అడుగున ఉన్నదంతా వేలితో తీసి నా చేతిలో పెట్టింది.

“నేను తిని చూశాను, ఏం కాలేదు. ఇప్పుడు మీరు తినొచ్చు.”

తిన్నాను. చారెడైనా లేదు. నా జన్మలో అంత రుచి ఎరగను.